విండ్సర్ కౌంటీలో స్థానిక నాయకుల సమాధులను గుర్తించడం ఎలా?

అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో, పల్లెలే ఎక్కువగా ఉన్న విండ్సర్ కౌంటీకి వచ్చేవారిలో చాలామంది ప్లిమత్ నాచ్‌లో అధ్యక్షుడు కాల్విన్ కూలిడ్జ్ సమాధిని చూసి వెళ్లిపోతారు. ఆ కుటుంబ సమాధుల మధ్యనే ఆయన తండ్రి జాన్ కూలిడ్జ్ కూడా ఉన్నారు. రాష్ట్ర శాసనసభలో ఊరి తరఫున కూర్చున్న ఆ పెద్దాయన, నోటరీ హోదాలో, 1923 ఆగస్టు 3 తెల్లవారుజామున కిరోసిన్ దీపపు వెలుగులో కొడుకు చేత అధ్యక్ష ప్రమాణం చేయించారు. ఇలాంటి స్థానిక నాయకులనే ఓపికగా వెతికి నమోదు చేయాలని నా కోరిక.

వెతుకులాటను కౌంటీ పేరుతో కాక ఊరి పేరుతో మొదలుపెట్టాలి. మన జిల్లాకు ఉన్నంత పాలనాధికారం అక్కడి కౌంటీకి లేదు. జనన మరణాల పుస్తకాలు, భూముల దస్తావేజులు ఊరి రికార్డులు చూసే అధికారి అయిన టౌన్ క్లర్క్ దగ్గరే ఉంటాయి. పైగా 1965లో నియోజకవర్గాలను మార్చే వరకు, జనాభా ఎంతైనా సరే, ప్రతి ఊరూ దిగువ సభకు ఒక ప్రతినిధిని పంపేది. అందువల్ల కొండ వాలులోని అతి చిన్న శ్మశానంలో కూడా మాజీ శాసనసభ్యులు ఉండే అవకాశం ఉంది. ముందుగా ఒక్కో ఊరి ప్రతినిధుల పేర్లు, వారు పనిచేసిన సంవత్సరాలు రాసుకొని, ఆ తర్వాత మరణాల పుస్తకంతో సరిచూసుకోవాలి. వీలునామాల కోసం ప్రొబేట్ కోర్టు రికార్డులు చూడాలి. పాత రోజుల్లో ఈ కౌంటీలో విండ్సర్, హార్ట్‌ఫర్డ్ అనే రెండు ప్రొబేట్ విభాగాలు ఉండేవి కాబట్టి, ఒకచోట దొరకనిది రెండోచోట దొరకవచ్చు.

అమెరికా పార్లమెంటు అయిన కాంగ్రెస్ సభ్యుల విషయం సులువు. కాంగ్రెస్ వారి జీవిత చరిత్రల సూచికలో సాధారణంగా ఖననస్థలం కూడా ఉంటుంది. సెనెటర్ జాకబ్ కొలమర్ వుడ్‌స్టాక్‌లోని రివర్ స్ట్రీట్ శ్మశానంలో ఉన్నారని అలాగే తెలుస్తుంది. అయితే పుట్టిన ఊరిని నమ్ముకోకూడదు. వుడ్‌స్టాక్‌లో పుట్టిన జార్జ్ పెర్కిన్స్ మార్ష్ 1882లో ఇటలీలో మరణించి రోమ్‌లో ఖననమయ్యారు. ఈ కౌంటీలోని ప్రొక్టర్స్‌విల్‌లో పుట్టి గవర్నరైన రెడ్‌ఫీల్డ్ ప్రొక్టర్ సమాధి పక్కనున్న రట్లండ్ కౌంటీలో ఉంది. ఇందుకు భిన్నంగా, న్యూయార్క్ సెనెటర్ విలియం ఎవర్ట్స్ విండ్సర్‌లోని అస్కట్నీ శ్మశానంలో ఉన్నారు.

మరణ తేదీకీ ఖననం తేదీకీ నెలల తేడా కనిపిస్తే కంగారుపడనక్కర్లేదు. నేల గడ్డకట్టే చలికాలంలో పార్థివదేహాన్ని రాతి గదిలో భద్రపరచి, వసంతంలో పూడ్చడం అక్కడి పాత పద్ధతి.

శ్మశానానికి మే నుంచి అక్టోబరు మధ్య, ఉదయం గానీ సాయంత్రం గానీ వెళ్లడం మంచిది, ఎందుకంటే ఏటవాలు ఎండలో అరిగిన అక్షరాలు స్పష్టంగా కనబడతాయి. పాతకాలపు పలక రాళ్ల మీద చెక్కడం ఇప్పటికీ పదునుగా ఉంటుంది గానీ, ఆ తర్వాత వచ్చిన పాలరాయి వానకు కరిగి నున్నబడిపోతుంది. పేరుకు ముందు 'Hon.' (ఆనరబుల్) అని కుదించి చెక్కిన గౌరవపదం కనిపిస్తే ఆయన శాసనసభ్యుడో న్యాయాధికారో అయి ఉండవచ్చు. పేరు వెనుక 'Esq.' (ఎస్క్వైర్) ఉంటే న్యాయవాదో, చిన్న తగాదాలు విచారించే ఊరి జస్టిస్ ఆఫ్ ది పీసో అయి ఉండవచ్చు. ఇవి ఆధారాలే తప్ప రుజువులు కావు. కొన్ని రాళ్ల మీద పుట్టిన తేదీ ఉండదు, 'వయసు 71 ఏళ్ల 4 నెలల 9 రోజులు' అన్న తీరులో ఉంటుంది. మరణ తేదీ నుంచి వెనక్కి లెక్కవేసుకోవాలి. సుద్ద రుద్దడం, షేవింగ్ క్రీము పూయడం, ఇనుప బ్రష్‌తో గీకడం రాయికి చేటు చేస్తాయి. అద్దంతో వెలుతురును పక్కనుంచి మళ్లిస్తే సరిపోతుంది. పూర్తి రాయికి, అక్షరాలకు, చుట్టుపక్కల సమాధులకు విడివిడిగా ఫోటోలు తీయాలి, ఎందుకంటే భార్యాపిల్లల రాళ్లే తరచుగా వ్యక్తిని నిర్ధారిస్తాయి.

రాయి ఉన్నంత మాత్రాన కింద దేహం ఉందనుకోకూడదు; వేరేచోట ఖననమైనవారికి కుటుంబం నిలిపిన స్మారకాలూ ఉంటాయి. ఖననం నమోదు, రాయి రెండూ ఏకీభవించినప్పుడే ఖాయమని రాసి, లేనిపక్షంలో ఏ ఆధారం ఏం చెబుతోందో విడిగా పేర్కొని, ప్రతిని టౌన్ క్లర్క్‌కు, ఆ ఊరి శ్మశాన కమిషనర్లకు అందజేయాలి.