రోడ్డు తవ్వేముందు నోటీసు: వానలకు ముందు తిరుపతిలో పాటించవలసిన జాగ్రత్తలు

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో పెద్ద వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతోనూ, బంగాళాఖాతంలో పుట్టే వాయుగుండాలతోనూ వస్తాయి. ఇంచుమించు అదే సమయంలో శ్రీవారి బ్రహ్మోత్సవాలు, తమిళుల పెరటాశి (పురట్టాసి) మాసపు శనివారాల రద్దీ కూడా ఉంటాయి. కరెంటు, గ్యాస్, ఇంటర్నెట్, మంచినీళ్ల లైన్ల కోసం రోడ్లు తవ్వే పనులు కూడా ఈ నెలల్లోనే వచ్చి పడితే ఊరు తట్టుకోలేదు. 2021 నవంబరులో శేషాచలం కొండల మీది నీరు ఉధృతంగా కిందికి దిగినప్పుడు, చాలా వీధుల్లో రోడ్డేదో కాలువేదో పోల్చుకోవడం కష్టమైంది. అలాంటి నీటి అడుగున పూడ్చని గుంత ఒక్కటి ఉన్నా, దాని సంగతి తెలియక అడుగు వేసే మనిషికి ప్రాణాపాయమే. అందుకని తవ్వే సంస్థల ఇంజనీర్లు, కాంట్రాక్టర్లు, ఆ వీధుల్లో కాపురముండేవారు ముందుగా చూసుకోవలసిన విషయాలను ఇక్కడ చెబుతున్నాను. వీటిలో ఎక్కువ భాగం నోటీసు గురించే.

రోడ్డు కటింగ్ అనుమతి చేతికి వచ్చింది కాబట్టి నోటీసు ఇచ్చినట్టేనని చాలామంది కాంట్రాక్టర్లు అనుకుంటారు. ఈ రెండూ వేరు. అనుమతి అనేది రోడ్డు ఎవరిదో వారిని అడిగి, డిపాజిట్టు, పునరుద్ధరణ ఛార్జీలు కట్టి తీసుకునేది. నోటీసు అనేది ఆ రోడ్డు కింద ఎవరి పైపులు, కేబుళ్లు ఉన్నాయో వారికీ, ఆ రోడ్డు మీద నడిచేవారికీ ముందుగా తెలియజేసేది. అనుమతి పత్రం కార్పొరేషన్ ఫైలులో భద్రంగా ఉన్నంత మాత్రాన, ఆ మలుపులో తన 11 కేవీ కేబుల్ ఉందని తెలిసిన లైన్‌మన్‌కు తవ్వకం సంగతి తెలియదు. తెలిసినవాడికి చెప్పకుండా తెలియనివాడు గడ్డపార వేయడం వల్లనే చాలా ప్రమాదాలు జరుగుతాయని పని మీద ఉన్నవారెవరినడిగినా ఒప్పుకుంటారు.

మొదట తేల్చుకోవలసింది రోడ్డు ఎవరిదన్నది. తిరుపతిలో ఇది కనిపించినంత తేలిక కాదు. ఊరి లోపలి వీధులు చాలావరకు నగరపాలక సంస్థవి. మదనపల్లె వైపు నుంచి వచ్చి తిరుపతి మీదుగా నాయుడుపేట వైపు పోయేది 71వ నంబరు జాతీయ రహదారి, పూతలపట్టు నుంచి తిరుపతికి వచ్చేది 140వ నంబరు జాతీయ రహదారి. వీటి హద్దులో తవ్వాలంటే జాతీయ రహదారుల అధికారుల అనుమతి కావాలి. మరికొన్ని రోడ్లు ఆర్ అండ్ బీ శాఖవి, ఘాట్ రోడ్లు తిరుమల తిరుపతి దేవస్థానానివి, శివారు కాలనీల్లో పంచాయతీలవి. రైలు పట్టాల కింద నుంచి పైపు దాటించాలంటే రైల్వే వారి అనుమతి విడిగా తీసుకోవాలి. ఒకే కిలోమీటరు కేబుల్ మార్గం రెండు మూడు శాఖల హద్దులు దాటవచ్చు. హద్దు దగ్గర సందేహం ఉంటే ఇద్దరికీ నోటీసు ఇవ్వడమే మేలు, దానివల్ల నష్టపోయేది రెండు కాగితాలు మాత్రమే.

తరువాతది, నేల కింద ఉన్నవారికి చెప్పడం. ఇందుకోసం కేంద్ర టెలికాం శాఖ 2023 మార్చి 22న ‘కాల్ బిఫోర్ యు డిగ్’ అనే యాప్‌ను అందుబాటులోకి తెచ్చింది. దేశంలో ఏటా సుమారు 10 లక్షల చోట్ల ఆప్టికల్ ఫైబర్ కేబుళ్లు తెగుతున్నాయని, దానివల్ల రూ. 3,000 కోట్ల దాకా నష్టం వస్తోందని అప్పట్లో ప్రభుత్వమే చెప్పింది. తవ్వే సంస్థ ఆ యాప్‌లో చోటు, తేదీ నమోదు చేస్తే, ఆ ప్రాంతంలో లైన్లు ఉన్నట్టు నమోదైన సంస్థలకు సందేశం వెళుతుంది. అదే ఏడాది జనవరిలో గెజెట్‌లో వెలువడిన టెలిగ్రాఫ్ మౌలిక సదుపాయాల భద్రతా నియమాలు ఇలా ముందుగా తెలియజేయడాన్ని తప్పనిసరి చేశాయి, కేబుల్ దెబ్బతింటే నష్టపరిహారం కట్టాలని కూడా చెప్పాయి. అయితే యాప్‌లో నమోదు చేసి ఊరుకుంటే సరిపోదు. అందులో తమ లైన్ల వివరాలు పెట్టని వారికి ఏ సందేశమూ పోదు. పాత మంచినీళ్ల పైపులు, యూజీడీ (భూగర్భ డ్రైనేజీ) లైన్ల సంగతి చాలాచోట్ల ఆ వీధిలో వాల్వులు తిప్పే మనిషికి తెలిసినంతగా పటాల్లో ఉండదు. కాబట్టి నగరపాలక సంస్థ ఇంజనీరింగ్ విభాగానికి, ఈ ఊళ్లోనే ప్రధాన కార్యాలయం ఉన్న దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ అసిస్టెంట్ ఇంజనీరుకు (ఏఈ), బీఎస్‌ఎన్‌ఎల్‌కు, గ్యాస్ సంస్థకు, ట్రాఫిక్ పోలీసులకు విడివిడిగా లేఖలు ఇచ్చి, అందినట్టు సంతకం, తేదీ తీసుకోవాలి.

నోటీసులో ఏం రాయాలన్నది కూడా ముఖ్యమే. ‘కొర్లగుంట ప్రాంతంలో కేబుల్ పనులు’ అని ఒక్క వాక్యం రాస్తే అది ఎవరికీ ఉపయోగపడదు. ఏ కూడలి నుంచి ఏ మలుపు దాకా, రోడ్డుకు ఏ పక్కన, ఎంత పొడవు, ఎంత వెడల్పు, ఎంత లోతు, తవ్వేది జేసీబీతోనా మనుషులతోనా లేక రోడ్డు కోయకుండా అడుగు నుంచి డ్రిల్లింగ్ చేస్తారా, మొదలు పెట్టే తేదీ ఏది, పూడ్చే తేదీ ఏది, తారు లేదా సిమెంటు వేసి రోడ్డును పూర్వస్థితికి తెచ్చే తేదీ ఏది, రాత్రి పని ఉంటుందా, ఎవరికి ఫోన్ చేయాలి అన్నవన్నీ తెలుగులో ఉండాలి. పూడ్చే తేదీ, రోడ్డు వేసే తేదీ ఒకటి కావు. మన కంపెనీల నోటీసుల్లో మొదటిది ఉంటుంది గాని రెండోది కనిపించదు, జనం ఆరునెలలు దుమ్ము తినేది ఆ రెండో తేదీ లేకపోవడం వల్లనే. ఇదే సమాచారాన్ని పని జరిగే చోట బోర్డు మీద రాసి పెట్టి, వార్డు సచివాలయంలోనూ ఒక ప్రతి ఇవ్వాలి. దారి మళ్లింపు బోర్డుల మీద తమిళం కూడా ఉంటే, పెరటాశిలో తమిళనాడు నుంచి వచ్చే భక్తులకు దారి తెలుస్తుంది.

అడుగు నుంచి డ్రిల్లింగ్ చేసేవారు తాము రోడ్డు కోయడం లేదు కదా, నోటీసు దేనికని అడుగుతుంటారు. నిజానికి వారే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. జేసీబీతో పైపు పగిలితే అప్పుడే కంటికి కనబడుతుంది. డ్రిల్లింగ్ మొన యూజీడీ పైపును చీల్చుకుని పోతే, ఫైబర్ గొట్టం దాని మధ్య నుంచి వెళ్లి, చెత్త అడ్డుపడి, కొన్ని నెలల తరువాత ఎవరి ఇంటి ముందో మేన్‌హోల్ పొంగేదాకా ఎవరికీ తెలియదు.

పండుగల క్యాలెండరు చూసుకుని నోటీసు తేదీలు వేసుకోవాలి. అలిపిరి దారి, కపిలతీర్థం రోడ్డు, రైల్వే స్టేషన్, బస్టాండు చుట్టుపక్కల పనులను బ్రహ్మోత్సవాలకు ముందే పూడ్చి ముగించేలా జూలై, ఆగస్టు నెలల్లోనే లేఖలు వెళ్లాలి. మే నెలలో గంగమ్మ జాతర ఉన్న వారంలో తాతయ్యగుంట వైపు తవ్వకం పెట్టుకోవడం అవివేకం. రుయా, స్విమ్స్ ఆసుపత్రులకు పోయే దారిలో పని ఉంటే ఆ ఆసుపత్రులకు, 108 సిబ్బందికి విడిగా చెప్పాలి. పైపు పగిలి అత్యవసరంగా తవ్వవలసి వచ్చినప్పుడు వారాల తరబడి ఆగడం కుదరదు. అయినా ముందు ఫోన్లు చేసి, ఆ రోజే లేఖలు పంపించడం ఎవరికైనా సాధ్యమే.

నోటీసులకు జవాబులు వచ్చాక, లైన్లున్న చోట సున్నంతో గీతలు గీయించి, వాటి దగ్గర జేసీబీని ఆపి, మనుషులతో చిన్న పరీక్ష గుంతలు తవ్వించాలి. భారతీయ ప్రమాణాల ప్రకారం మామూలు కరెంటు కేబుల్ కనీసం 75 సెంటీమీటర్లు, 11 కేవీ కేబుల్ 90 సెంటీమీటర్లు, 33 కేవీ కేబుల్ 105 సెంటీమీటర్ల లోతున ఉండాలి. ఉండాలన్నది ఒకటి, ఉండడం మరొకటి. కొండకు దగ్గరగా బండ తగిలిన చోట పైకే వేసి ఉండవచ్చు. ఎర్రమట్టి తవ్వుతుండగా ఉన్నట్టుండి శుభ్రమైన ఇసుకో, వరుసగా పేర్చిన ఇటుకలో, హెచ్చరిక టేపు ముక్కో కనిపిస్తే కింద కేబుల్ ఉందని అర్థం. ఆ క్షణాన గడ్డపార పక్కన పెట్టాలి. ఈ మాట సూపర్‌వైజరుకు చెప్పి ఊరుకోకుండా, గుంతలో దిగే కూలీలకు వారి భాషలో చెప్పాలి.

కేబుల్‌కు జేసీబీ తగిలితే డ్రైవరు కంగారుపడి కిందికి దిగరాదు. సరఫరా ఆపామని విద్యుత్ సిబ్బంది చెప్పేదాకా సీటులోనే ఉండి, మిగిలినవారిని దూరంగా పొమ్మని, 1912కు ఫోన్ చేయించాలి. బండికి మంటలంటుకుని దిగక తప్పకపోతే, బండినీ నేలనూ ఒకేసారి తాకకుండా రెండు కాళ్లూ జోడించి దూకాలి. గ్యాస్ పైపు దెబ్బతింటే ఇంజను ఆపి, నిప్పు, స్విచ్చి, ఫోన్ ఏదీ అక్కడ ముట్టుకోకుండా గాలి వచ్చే వైపుకు జనాన్ని తరలించి, దూరంగా వెళ్లాకే గ్యాస్ సంస్థకు, 101కి చెప్పాలి. లీకు మీద మట్టి పోసి కప్పడం చాలా ప్రమాదం. అలా చేస్తే గ్యాస్ మట్టి సందుల్లోంచి డ్రైనేజీల్లోకి, ఇళ్లలోకి చేరుతుంది.

మీటరున్నర, అంతకు మించిన లోతు గుంతల పక్కలను వాలుగా కోయడమో, చెక్కలతో ఆపడమో చేయాలి. తవ్విన మట్టిని అంచు నుంచి కనీసం మీటరున్నర దూరంలో పోయాలి. తడిసిన మట్టి బరువుకు అంచు విరిగి లోపలి మనిషి మీద పడుతుంది కాబట్టి వాన కురిసిన మరునాడు గుంతను చూడకుండా ఎవరినీ దించరాదు. చుట్టూ రిబ్బను కట్టి వదిలేస్తే చాలదు, గట్టి బారికేడ్లు, రాత్రి వెలిగే దీపాలు ఉండాలి. అలిపిరికి చెప్పుల్లేకుండా నడిచిపోయే భక్తులు తెల్లవారుజామున వస్తారు. వారి కాళ్ల కింద కంకర, ఇనుప ముక్కలు మిగలకుండా రోజూ ఊడ్పించాలి. వాయుగుండం హెచ్చరిక వస్తే కొత్తగా తవ్వకుండా, తెరిచిన గుంతలను ఆ సాయంత్రానికే పూడ్చాలి. కొండ నీరు పోయే వంకలకు, కాలువలకు మట్టి కుప్పలు అడ్డం రాకూడదు.

వీధిలో ఉండేవారు నోటీసు చూడగానే రెండు రోజుల నీళ్లు పట్టుకుని, తమ కొళాయి పైపు, డ్రైనేజీ కనెక్షన్ ఎక్కడ నుంచి వస్తున్నాయో సూపర్‌వైజరుకు చూపించి, తవ్వకముందు ఇంటి ముందర ఫోటోలు తీసి పెట్టుకోవాలి. రోజంతా నీళ్లు వదలని చోట, సరఫరా ఆగినప్పుడు పైపులో ఒత్తిడి పడిపోయి, పగులు ఉంటే బయటి మురుగు లోపలికి పీల్చుకుంటుంది. పని జరిగిన తరువాత మొదట వచ్చే నీరు రంగు మారినా, వాసన వచ్చినా సంపులోకి వదలకుండా బయటికి పోనిచ్చి, తాగేనీటిని కొద్దిరోజులు కాచి వాడుకుని, వెంటనే ఫిర్యాదు చేయాలి. నోటీసు బోర్డు లేకుండా తవ్వుతుంటే అనుమతి పత్రం చూపమని మర్యాదగానే అడగవచ్చు. చూపకపోతే సచివాలయంలోనో, సోమవారం కలెక్టరేట్ ప్రజా సమస్యల పరిష్కార వేదికలోనో అర్జీ ఇవ్వవచ్చు.

ఇంకో మాట. వినాయక చవితి పందిళ్లకు, స్వాగత తోరణాలకు సిమెంటు రోడ్డుకు కన్నాలు పెట్టి ఇనుప గుంజలు దించేవారికి కూడా ముందుగా నోటీసు ఇవ్వాలన్న ఈ నియమం వర్తించాలి. గుంజ దిగిన చోట కింద ఏముందో కంపెనీలకు ఎంత తెలియదో వారికీ అంతే తెలియదు.

పూడ్చేటప్పుడు మట్టిని ఒకేసారి తోసేయకుండా పొరలు పొరలుగా పోసి, తడిపి, దిమ్మిస కొట్టాలి. లేదంటే మొదటి వానకే కుంగిపోతుంది. కుంగిన చోటల్లా తమ ఖర్చుతో సరిచేస్తామని నోటీసులోనే రాసివ్వాలి. కొత్త లైను ఏ గోడ నుంచి ఎంత దూరంలో, ఎంత లోతున పడిందో కొలతలతో పటం గీసి, నగరపాలక సంస్థ ఇంజనీరింగ్ విభాగానికి ఇచ్చి, ‘కాల్ బిఫోర్ యు డిగ్’లో కూడా నమోదు చేయించిన తరువాతే డిపాజిట్టు వాపసు అడగాలి.