కివీ మొక్కలు కొనేముందు చలిగంటలు లెక్కపెట్టండి

లంబసింగి వైపు చలి చూసి కివీ వేద్దామనుకుంటాం. చలి చాలక కాపు రాదని తెలిసేసరికి నాలుగేళ్లు గడిచిపోతాయి. ముందే తెలుసుకోవడానికి నాకు పనికొచ్చింది ఇది.

గంటగంటకీ ఉష్ణోగ్రత నమోదు చేసే చిన్న డేటా లాగర్ కొని, పొలంలోనే నాలుగున్నర అడుగుల ఎత్తున, గాలి ఆడే నీడలో కట్టండి. నవంబర్ నుంచి ఫిబ్రవరి చివరిదాకా 7 డిగ్రీల కంటే తక్కువున్న గంటలన్నీ కూడండి; చలిగంటలంటే ఇవే. హేవార్డ్ అనే కివీ రకానికి దాదాపు 700–800 గంటలు కావాలి. తెల్లవారుజామున ఎంత వణికించినా, రోజుకు మూడు గంటల చొప్పున 90 రోజులకు వచ్చేది 270 గంటలే. పేపర్లో వేసే కనిష్ఠ ఉష్ణోగ్రతను నమ్ముకోకండి.

లాగర్‌ను రేకుల కప్పు కింద పెడితే లెక్క తప్పుతుంది. ఒక్క చలికాలం లెక్క కూడా చాలదు, కనీసం రెండు చూడండి.