సిలికోసిస్ మరణానికి పరిహారం: చీటీల్లో టీబీ అని ఉంటే ఏం చేయాలి?

రాతి క్రషర్లలో, పలుగురాయి మిల్లుల్లో రాతి (సిలికా) దుమ్ము పీల్చి, దానివల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు సిలికోసిస్‌తో చనిపోయినవాళ్ల కుటుంబానికి పరిహారం హక్కుగా వస్తుంది. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టంలోనూ, 2025 నవంబర్ 21 నుంచి దాని స్థానంలోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఇది వృత్తి వ్యాధుల జాబితాలో ఉంది. ఈఎస్ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) ఉంటే ఈఎస్ఐ ఆఫీసుకి, లేకపోతే కార్మిక శాఖ ఆఫీసుకి వెళ్లాలి. మీరు ఉంటున్న ప్రాంతంలోనే దరఖాస్తు పెట్టుకోవచ్చు, చనిపోయిన రెండేళ్లలోపు పెట్టాలి. ఆధార్, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్, వయసు రుజువు, పాస్‌బుక్ ఎలాగూ తెలిసినవే.

అసలు చిక్కు దేనివల్ల చనిపోయాడో చెప్పే కాగితం దగ్గర వస్తుంది. మున్సిపాలిటీ, పంచాయతీ ఇచ్చే డెత్ సర్టిఫికెట్‌లో మరణ కారణం ఉండదు, అది పట్టుకెళ్లే చాలామంది వెనక్కి వస్తున్నారు. కారణం రాసేది ఆస్పత్రి. 2023లో జనన మరణాల నమోదు చట్టం సవరించాక ఆ కాపీ దగ్గరి బంధువుకి ఇవ్వాల్సిన బాధ్యత కూడా ఆస్పత్రిదే, కాబట్టి మొహమాటపడకుండా అడగండి.

అందులో టీబీ అని ఉంటే కంగారు పడకండి. సిలికా దుమ్ము పట్టిన ఊపిరితిత్తులకి టీబీ సులువుగా సోకుతుంది, అంటే రెండూ కలిసి ఉండొచ్చు. మొన్న ఒకావిడ బియ్యం సంచిలో ఎక్స్‌రే ఫిల్ములు తెచ్చింది, చెమ్మకి ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. చీటీలన్నీ టీబీ మందులే, ఒక్క పాత ఓపీ చీటీలో మాత్రం "క్రషర్ పని, 9 ఏళ్లు" అని డాక్టర్ రాసి ఉంది. అలాంటి లైను కోసం ప్రతి కాగితం వెతకండి. తర్వాత ఫిల్ములన్నీ ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఛాతీ విభాగంలో చూపించి, పనికీ జబ్బుకీ సంబంధం ఉందో లేదో రాతపూర్వకంగా అభిప్రాయం అడగండి. మనిషి ఇంకా బతికి ఉంటే, ఏ పని ఎన్నేళ్లు చేశాడో ఈరోజే డాక్టర్‌తో చీటీలో రాయించండి, దయచేసి వాయిదా వేయకండి.

అపాయింట్‌మెంట్ లెటర్ లేదని ఆగిపోవద్దు. తోటి కార్మికుల అఫిడవిట్లు, ఫోన్‌లో జీతం పడ్డ మెసేజ్‌లు, హాజరు కార్డు ఏదున్నా జతచేయండి. కాంట్రాక్టర్ కింద పనిచేసినా అసలు యజమాని తప్పించుకోలేడు.

ఇంటికొచ్చి రెండు లక్షలు చేతిలో పెట్టి స్టాంపు పేపర్ మీద సంతకం అడిగేవాళ్లుంటారు. చనిపోయిన కార్మికుడి పరిహారం కార్మిక శాఖలో పరిహారం చూసే అధికారి దగ్గరే జమ కావాలి, హక్కు వదులుకున్నట్టు రాయించుకున్న కాగితం చెల్లదు. 1923 చట్టం లెక్కలో 40 ఏళ్ల వయసు, నెలకి 15,000 జీతం ఉన్న మనిషి చనిపోతే జీతంలో సగాన్ని 184.17తో గుణిస్తారు, అంటే 13,81,275 రూపాయలు. ఇందులో వాటా అడిగే బ్రోకర్ చేతికి ఒరిజినల్ ఎక్స్‌రేలు అసలు ఇవ్వకండి. దరఖాస్తు మీరే ఇచ్చి, ఆఫీసు ముద్ర, నంబరు వేసిన కాపీ తీసుకున్నాకే బయటికి రండి.