బీపీ చూసిన చెయ్యే కంప్యూటర్‌లో ఎక్కించాలి

కర్నూలులో నేను నర్సుగా పనిచేసిన ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో బీపీ చూసి చీటీ మీద రాసేవాళ్లం. కౌంటర్‌లోని అబ్బాయి తీరిక దొరికినప్పుడు దాన్ని కంప్యూటర్‌లో కొట్టేవాడు. ఒకరోజు ఆదోని నుంచి వచ్చిన పెద్దాయన బీపీ 170 కాస్తా 110 అయి కూర్చుంది. నా ఏడంకె ఒకటిలా ఉంటుంది మరి. డాక్టరు గారికి అనుమానమొచ్చి మళ్లీ చూశారు కాబట్టి సరిపోయింది. ఆ రోజుతో చీటీలు మానేశాం. ఆ తర్వాత పెట్టుకున్న పద్ధతి ఇది, ఏ చిన్న క్లినిక్‌కైనా పనికొస్తుంది.

మొదట ఎవరి పని ఏదో తేల్చుకోండి. పేరు, వయసు, ఊరు, ప్రభుత్వ ఆరోగ్య గుర్తింపు సంఖ్య అయిన 14 అంకెల ఆభా నంబరు కౌంటర్‌లో ఎక్కించొచ్చు. బీపీ, పల్స్, ఊపిరి లెక్క, జ్వరం, ఆక్సిజన్ మాత్రం ఎవరు చూస్తే వాళ్లే, తమ సొంత లాగిన్‌తో, పేషెంట్ ఎదురుగా ఉండగానే ఎక్కించాలి. నర్సింగ్ విద్యార్థులు చూస్తే పక్కన సిస్టర్ ఉండి సరిచూడాలి. అన్నీ డాక్టరే ఎక్కించాలంటారు కొందరు. ఓపీ నిండా జనం ఉన్నప్పుడు ఆయన కళ్లు కీబోర్డు మీదుంటే పేషెంట్‌ను చూసేదెవరు?

ఇక కొలవడం. మే నెల ఎండలో బస్టాండ్ నుంచి నడిచొచ్చిన మనిషికి వెంటనే బీపీ పట్టీ కట్టకండి. వీపు ఆనించి, కాళ్లు నేలకు పెట్టి ఐదు నిమిషాలు కూర్చోనివ్వండి. చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి. టీ, బీడీ అయి అరగంట గడవాలి. చూసేటప్పుడు మాట్లాడించొద్దు, అన్నిటికన్నా కష్టం ఇదే.

ఎక్కువ మోసం జరిగేది ఊపిరి లెక్కలో. ఏ రికార్డు తెరిచినా అందరికీ 18 లేదా 20 అనే ఉంటుంది, ఎవరూ లెక్కపెట్టరు. పెద్దవాళ్లకు నిమిషానికి 12 నుంచి 20 మామూలు కాబట్టి ఆ అంకె చూసి ఎవరికీ అనుమానం రాదు. కానీ ఒంట్లో తేడా చేస్తే చాలాసార్లు ముందు పెరిగేది ఊపిరే. పల్స్ చూస్తున్నట్టే మణికట్టు పట్టుకుని, ఛాతీ కదలికను నిమిషం నిండా లెక్కపెట్టండి. చెప్పి లెక్కపెడితే మనిషి ఊపిరి మార్చేస్తాడు. లెక్కపెట్టే వీలు లేకపోతే ఆ గడి ఖాళీగా వదిలేయండి, 18 మాత్రం కొట్టకండి.

పిల్లలకు బరువు తప్పనిసరి, అదీ కిలోల్లోనే.

కరెంటు పోతే కాగితం మీద రాసి, పక్కన టైమ్ వేయండి. తర్వాత ఎక్కించేటప్పుడు కొలిచిన టైమే వేయాలి, టైప్ చేసిన టైమ్ కాదు. డాక్టరు మళ్లీ చూస్తే అది వేరే ఎంట్రీ. నర్సు రాసినదాన్ని చెరిపి దాని మీద రాయకూడదు. రెండు అంకెల మధ్య తేడా కూడా వైద్యానికి పనికొచ్చే విషయమే.

డ్యూటీ దిగేటప్పుడు లాగౌట్ చేయండి. మానిటర్ అంచుకు పాస్‌వర్డ్ రాసి అంటించిన కాగితం ఉంటే, ఈ పద్ధతి మొదలుపెట్టే ముందే దాన్ని పీకేయండి.