రాత్రి నానబెట్టి ఉదయం తినే ఓట్స్

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి ప్రాంతాల తెలుగు ఇళ్ళలో చద్దన్నం, పొరుగు ఒడియా ఇళ్ళలో పొఖాళొ (నీళ్ళలో నానబెట్టిన అన్నం) రాత్రే సిద్ధమవుతాయి కనుక, ఉదయం బడికీ ఆఫీసుకూ పరుగెత్తేవారికి నానిన ఓట్స్ పెద్ద వింతేమీ కాదు.

ఒక్కరికి అరకప్పు ఓట్స్, అరకప్పు కాచి చల్లార్చిన పాలు, పావుకప్పు కమ్మటి పెరుగు, ఒక చెంచా సబ్జా గింజలు మూత గట్టిగా పడే గాజు సీసాలో వేసి, అడుగున పొడి మిగలకుండా కలిపి, గింజలు ఉండకట్టకుండా 10 నిమిషాల తరువాత మరోసారి తిప్పి, కనీసం 6 గంటలు ఫ్రిజ్‌లో ఉంచాలి. రేకుల్లా వెడల్పుగా ఉన్న ఓట్స్ కొనడం మంచిది; ఇన్‌స్టంట్ రకం తెల్లారేసరికి జావవుతుంది, గింజను ముక్కలుగా కోసిన స్టీల్‌కట్ రకం పంటికి గట్టిగానే తగులుతుంది. మసాలా ప్యాకెట్లు ఈ పనికి అసలే వద్దు.

పాలు కలిసినందున దీన్ని చద్దన్నంలా బయట ఉంచకూడదు. రాత్రంతా కరెంటు పోతే పారవేయడమే మేలు.

అరటిపండు నల్లబడుతుంది కనుక ఉదయమే కోసి వేయాలి. సంతలో కొన్న అనాసపండును ముందుగా కలిపితే, అందులోని బ్రొమెలైన్ అనే ఎంజైము పాలలోని మాంసకృత్తులను విడగొట్టి చేదు తెస్తుంది. దానినీ తినేముందే చేర్చాలి. తీపికి చెంచాడు బెల్లం తురుము చాలు. రెండు రోజులకు సరిపడా ఒకేసారి కలిపి పెట్టుకోవచ్చు.