వీపు గీత ఒక్కటి చాలింది

కూర్చుని బట్ట కుడుతున్న అమ్మ బొమ్మను రాగి రేకు మీద డ్రైపాయింట్‌లో, అంటే సూదితో నేరుగా రేకు మీద గీసి, ఇంకు పూసి కాగితం మీద అచ్చు తీసే పద్ధతిలో చేశాను. మొదటి ప్రింట్ తీసి చూస్తే ముఖం, మెడ, భుజం అన్నీ కలిసి ఒకే నల్ల మచ్చ. ప్రాణం ఉసూరుమంది. షేడింగ్ కోసం గీత మీద గీత గీయడమే కారణం. డ్రైపాయింట్‌లో సూది వెళ్లిన దారి పక్కన రాగి సన్నటి అంచులా పైకి లేస్తుంది. ఆ అంచు ఇంకును పట్టుకుంటుంది కాబట్టే గీత అంత మెత్తగా, నూగునూగుగా వస్తుంది. మరీ దగ్గరగా గీస్తే ఆ అంచులే బొమ్మను మింగేస్తాయి.

స్క్రేపర్ అనే పదునైన పనిముట్టుతో అంచులు గీకేసి, రేకును నున్నగా చేసే బర్నిషర్‌కు చుక్క నూనె రాసి రెండు సాయంత్రాలు రుద్దాను. లేత బూడిద నీడ మిగిలింది. దాన్ని అలాగే ఉంచేశాను.

అప్పుడు చిత్రకారుడు పికాసో 1945-46లో చేసిన ఎద్దు లితోగ్రాఫులు (రాతి మీద గీసి తీసే ప్రింట్లు) ముందు పెట్టుకున్నాను. మొత్తం 11 దశలు. కండలు, నీడలు ఒక్కొక్కటే పోయి చివరికి కొన్ని గీతలే మిగులుతాయి, అయినా అది ఎద్దే.

మరి ఏ గీత లేకపోతే అమ్మ అమ్మలా ఉండదు? మెడ నుంచి నడుము దాకా వంగిన గీత. దాన్ని ఒకే ఊపులో గీశాను. మెడ దగ్గర సూది నిటారుగా, తేలిగ్గా. భుజం దిగాక కాస్త వాల్చి, గట్టిగా. నడుము దగ్గర మెల్లగా వదిలేస్తూ. ముఖంలో వాలిన కనురెప్ప ఒక్కటే ఉంచాను.

ఈసారి అమ్మ అలసట ఆ వీపులోనే కనిపించింది. ప్రెస్ ఒత్తిడికి రాగి అంచు త్వరగా అణగిపోతుంది కాబట్టి మొదటి కొన్ని ప్రింట్లు మాత్రమే దాచుకున్నాను.