ప్రోమో రికార్డు కొనేముందు ఇవి చూడండి

ఏప్రిల్‌లో రికార్డ్ స్టోర్ డే, అంటే రికార్డు షాపుల పండగ. అమెరికా, బ్రిటన్‌లలో ఉన్నవాళ్లు పాత ప్రోమోల (ప్రచారం కోసం రేడియోలకు, సమీక్షకులకు ఉచితంగా పంపిన కాపీల) కోసం పర్సు తీసేముందు:

• పాట గాడులు అయిపోయాక లేబుల్ చుట్టూ ఉండే ఖాళీ భాగంలో చెక్కిన నంబర్ చదవండి. రికార్డుల వివరాలుండే వెబ్‌సైట్ డిస్కాగ్స్‌లోని ఎంట్రీతో పోల్చండి. లేబుల్ కొత్తగా అచ్చు వేయడం తేలిక. బీటిల్స్ 'లవ్ మీ డూ' 1962 డెమో (ప్రోమో కాపీ) సుమారు 250 కాపీలే వచ్చాయి; లేబుల్‌పై మెకార్ట్‌నీ పేరు తప్పుగా పడింది. కానీ ఆ అచ్చుతప్పును ఎవరైనా వేయగలరు, దాన్నొక్కదాన్నే నమ్మి డబ్బు పెట్టొద్దు.

• కవర్‌పై బంగారు రంగు 'నాట్ ఫర్ సేల్' ముద్ర చూసి మురిసిపోకండి. చాలాసార్లు లోపల మామూలు డిస్కే ఉంటుంది. ప్రోమో కోసమే డిస్క్‌పై వేరే తెల్ల లేబుల్‌తో వచ్చినదైతే సంగతి వేరు.

• సీడీ-ఆర్ (ఖాళీ సీడీపై రికార్డు చేసిన) ప్రోమోలకు నేనైతే పెద్ద ధర పెట్టను. ఇంట్లో కంప్యూటర్‌లోనూ తయారవుతాయి.

• అడిగే ధర కాదు, అమ్ముడైన ధరలు చూడండి. అరుదైనా అడిగేవాళ్లు లేని ప్రోమోలు బోలెడు.

• 'నాట్ ఫర్ సేల్' అని ఉంటే కొనొచ్చా అని టెన్షన్ వద్దు. ప్రోమో సీడీలు తిరిగి అమ్మిన వ్యక్తికి అనుకూలంగా 2011లో అమెరికా అప్పీల్ కోర్టు తీర్పిచ్చింది.